మల్లయ్యకు తీసుకెళ్లిన కల్లు

పత్తి విత్తనాల కంపెనీ వాళ్లు ఓడ ఎక్కిస్తారని చెప్పినప్పుడు జములమ్మ సంబరపడలేదు. ముందు ఒక ప్రశ్న అడిగింది.

ఆమెది గద్వాల అవతల, మల్దకల్ పక్కనున్న చిన్న ఊరు. తన పేరు మీద సెంటు భూమి లేదు. ఇరవై ఏళ్ల పాటు ఒకరి చేలల్లో క్రాసింగ్ పనికి పోయింది. సాయంత్రం పూట ఆడచెట్ల మొగ్గలు గిల్లి పెట్టుకుని, తెల్లారేసరికల్లా మగచెట్ల పూలు కోసుకొచ్చి, ఒక్కొక్క మొగ్గకూ పుప్పొడి అద్దాలి. ఎండ ముదిరితే పుప్పొడి పట్టదు. అందుకని క్రాసింగ్ రోజుల్లో ఆ ఊళ్లలో ఎవరూ తెల్లవారుజాము నిద్ర ఎరగరు. వంచిన నడుము వంచినట్టే ఉండగా పిల్లను పెంచింది, చదివించింది, చివరికి ధైర్యం చేసి ఎకరన్నర కౌలుకు పట్టింది. రెండో ఏడు ఆమె చేలో పండిన విత్తనం కంపెనీ పరీక్షలో ఒక్క సంచీ కూడా తిరిగిరాకుండా నెగ్గింది.

ఆ కబురు మోసుకొచ్చినవాడు జగదీశ్. కంపెనీకీ రైతుకూ మధ్య నిలబడి విత్తనం పండించే పని చూసుకునే మనిషి. మోటారు సైకిల్ దిగకుండానే వాకిట్లో నుంచి కేకేశాడు.

"జములమ్మక్కా, నీ సుడి తిరిగిందే! మంచిగ పండించినోళ్లను కంపెనీవాళ్లు ఓడల తిప్పుతరంట. బొంబాయి నుంచి గోవా దాకా. తిండి, పడక, ఆటపాట, అంతా ఓడలనే. నువ్వొక్కదానివే గాదు, తోడు ఇంకొకల్లను తీస్కపోవచ్చు."

జములమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. చేతులు ఆగాయి.

"ఆ ఓడ అలీబాగు మీదికెల్లి పోతదా సారూ?"

జగదీశ్‌కు నవ్వొచ్చింది. "అలీబాగు నీకెట్ల ఎరుకే? పోతదేమో మరి. బొంబాయి దాటినంక అదే గదా వచ్చేది."

"అయితే వస్త," అంది జములమ్మ, మళ్లీ గింజల మీదికి వంగుతూ.

అంతకు ముందు ఏడు ఆమెను హైదరాబాద్ రైతు సదస్సుకు రమ్మంటే మోకాళ్ల నొప్పులని తప్పించుకుంది. ఈసారి అంత త్వరగా ఎందుకు ఒప్పుకుందో జగదీశ్ ఆలోచించలేదు. లోపల పొయ్యి దగ్గరున్న కూతురు రేఖ మాత్రం అలీబాగ్ అన్న మాట విని చేతిలో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వాళ్ల ఇంట్లో ఆ పేరు పలికి ఏళ్లయింది.

రేఖ తండ్రి మల్లయ్య పోయింది అక్కడే.

మల్లయ్యా జములమ్మా పెళ్లయిన కొత్తలోనే కూలీలను తోలుకుపోయే గుంపు మేస్త్రీ వెంట బొంబాయి పోయారు. పాలమూరు నుంచి అప్పట్లో ఊళ్లకు ఊళ్లే పోయేవి. ఆమె ఇటుకలు మోసేది, అతను మట్టి తవ్వేవాడు. రేఖ కడుపున పడ్డాక జములమ్మ ఊరికి వచ్చేసింది. మల్లయ్య అక్కడే ఉండి, అలీబాగ్ అవతల ఏదో చిన్న రేవులో గోడ కడుతుంటే ఆ పనిలో చేరాడు. రాళ్లు వేసుకుని సముద్రంలోకి పోయే బల్లకట్టు మీద పని. రేఖకు మూడో ఏడు నడుస్తుండగా ఒకరోజు మోకు తెగింది. రాళ్లు ఒక పక్కకు జారాయి. వాటితో పాటు మల్లయ్యా జారాడు. రాళ్లు దొరికాయి గానీ మనిషి దొరకలేదు.

మేస్త్రీ అతని సంచీ తెచ్చి జములమ్మ ముందు పెట్టాడు. రెండు లుంగీలు, ఒక అంగీ, ఒక దువ్వెన. శవం లేదు కనుక బట్టలకే దినాలు చేశారు. బీచుపల్లి దగ్గర కృష్ణలో ఆ అంగీని వదిలితే అది మునగకుండా గాలి నింపుకుని చాలా దూరం పోయింది. జములమ్మ దాని వెంట ఒడ్డున నడుచుకుంటూ పోతే వదినె వెనకనుంచి పట్టుకుని ఆపింది.

తర్వాత ప్రతి పెత్రమాసకూ ఆమె మల్లయ్యకు పెట్టుకుంది. పెద్దలకు పెట్టుకునే ఆ అమావాస్య నాడు కూర, బువ్వ, ముంతెడు కల్లు. ముందు నాలుగు చుక్కలు పోయినవాళ్ల పేరున నేల మీద వంచి, అప్పుడు ఇంట్లోవాళ్లు తాగాలి. సాక పోయడమంటే అదే. జములమ్మ అన్నీ సక్రమంగానే చేసేది గానీ, చేసిన ప్రతిసారీ ఒకే శంక పీడించేది. ఒకసారి వదినెతో అననే అంది.

"మన్నుల ఉన్నోళ్లకు మన్నుల పోస్తే అందుతది వదినే. నీళ్లల్ల ఉన్నోనికి గడపల పోస్తే ఎట్ల అందుతది?"

వదినె విస్తరి తీయడానికి లేచిపోయింది. ఆ ప్రశ్న అలాగే ఉండిపోయింది, ఇరవై ఏళ్లు.

*

ప్రయాణం నాడు తెల్లవారగానే జములమ్మ ఈతవనం దారి పట్టింది. కల్లు దింపే దినేష్ ఇంకా చెట్టు మీదే ఉన్నాడు.

"తమ్మీ, దూరం తీస్కపోవాలె. రేపు సాయంత్రం దాక ఉండాలె."

"యాడికే అక్కా?"

"బొంబాయికి."

దినేష్ చెట్టు దిగి ఆమెను ఎగాదిగా చూశాడు. "అప్పటికి పులిసి పుండవుతది. నోట్ల పెట్టుకోలేవు."

"తాగేటాయన ఏం అనుకోడు. నువ్వు పోయ్యి."

అతను ఇంకేమీ అడగకుండా ప్లాస్టిక్ సీసా నింపాడు. మూత బిగించొద్దని, బిగిస్తే పొంగి పగులుతుందని రెండుసార్లు చెప్పాడు. జములమ్మ మూతకు సూదితో బొక్క పొడిచి, సీసాకు పాత చీరముక్క చుట్టి, సంచీలో బట్టల మధ్య నిలువుగా నిలబెట్టింది.

తోడు వస్తున్న రేఖకు ఇది రాయచూరులో రైలెక్కాక తెలిసింది. బోగీలోకి పులిసిన వాసన మెల్లగా పాకింది. ఎదుటి సీట్లో వాళ్లను తీసుకెళ్తున్న జగదీశ్, పక్కన అతని భార్య సింధూజ కూర్చుని ఉన్నారు. ఆమె వనపర్తి పిల్ల, మాటా మనిషీ శుభ్రంగా ఉండాలనే తత్వం. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏందిది, ఎవరో కల్లు దుకాణం పెట్టినట్టున్నరు?"

"నాదేనమ్మా," అంది జములమ్మ దాపరికం లేకుండా.

జగదీశ్ తల పట్టుకున్నాడు. "అక్కా, ఓడలకు అది రానియ్యరే! కాయితంల రాసిండ్రు. మందు తేవొద్దు, లోపల కొనుక్కోవాలె. మనిషికొక్క వైన్ సీసా మాత్రం తేవచ్చు, అదీ సీలు తియ్యనిది."

"నేను తాగనీకె గాదు సారూ."

"మరి?"

జములమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. రేఖ గొంతు తగ్గించి, "అమ్మా, నాయినకా?" అంది. జములమ్మ తల ఊపింది.  రేఖ గద్వాలలో ఒక దవాఖానలో మందుల కౌంటర్ దగ్గర పని చేస్తుంది. నలుగురిలోకి వచ్చినప్పుడు తల్లి కాస్త పద్ధతిగా ఉండాలని ఆమె కోరిక. ఓడ కోసమని తల్లికి కొత్త చెప్పులు కొంది, జుట్టుకు రంగు వేసింది. ఇప్పుడు బోగీలో సగం మంది మూతులు ముడుచుకుని తమ వైపు చూస్తుంటే కిందికి చూస్తూ కూర్చుంది.

*

బొంబాయి రేవులో ఓడ ఎక్కే చోటు పెద్ద బస్టాండులా ఉంది. సామాన్లన్నీ యంత్రంలోంచి పోవాలి. జగదీశ్ సంచీలో రెండు వైన్ సీసాలు కనపడ్డాయి. తీయించారు, సీలు చూశారు, మొగుడొకటి పెళ్లామొకటి అని లెక్క సరిపోయింది, తిరిగి ఇచ్చేశారు. అన్నాల గదిలో మూత తీయించుకుంటే దానికి వేరే రుసుము కట్టాలని మాత్రం చెప్పారు.

జములమ్మ సంచీ దగ్గర యంత్రం ఆగింది. ఖాకీ చొక్కా వేసుకున్న ఆడమనిషి సంచీ తెరిచి, చీరముక్క విప్పి, సీసాను వెలుతురుకు ఎత్తి పట్టింది. తెల్లగా, నురగగా, లోపలినుంచి బుడగలు వస్తూ ఉంది. వాసన చూసి మొహం పక్కకు తిప్పుకుంది.

"క్యా హై యే?"

జములమ్మకు బొంబాయి రోజుల హిందీ నాలుగు ముక్కలు మిగిలి ఉన్నాయి. "తాడీ. మేరే ఆద్మీకా హై," అంది, మా ఆయనదని.

"కహా హై ఆద్మీ?"

జములమ్మ చేయెత్తి అద్దాల అవతల సముద్రాన్ని చూపించింది.

ఖాకీ ఆమెకు అర్థం కాలేదు. ఇది తీసుకుపోవడానికి లేదంది. సీలు లేదు, ఇంట్లో చేసింది, ఏముందో ఎవరికి తెలుసు అంది. పక్కనున్న చెత్తడబ్బా వైపు సీసాను వంచబోయింది. జములమ్మ రెండు చేతులతో ఆమె మణికట్టు పట్టుకుంది.

"వద్దమ్మా, వద్దు! కచరాల పొయ్యకు. నీ కాళ్లు మొక్కుత."

వరస ఆగిపోయింది. వెనకనున్నవాళ్లు తొంగి చూస్తున్నారు. జగదీశ్ పరుగున వచ్చాడు.

"పరువు తీస్తున్నవు గదనే అక్కా! కల్లు సీసా కోసం పంచాయితీనా? ఇచ్చి రా. లోపల ఎంత కావాలంటే అంత తాగిపిస్త."

"లోపల దొరికేది ఆయన ఎరగడు సారూ."

అప్పుడు రేఖ ముందుకొచ్చింది. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి గానీ నోరు విప్పింది. తన తండ్రి ఈ సముద్రంలోనే పని చేస్తూ పడిపోయాడనీ, ఇరవై ఏళ్లయిందనీ, శవం దొరకలేదనీ, అమ్మ ఆయన పేరున నాలుగు చుక్కలు నీళ్లలో పోయడానికి ఇది తెచ్చిందనీ తనకొచ్చిన హిందీలో చెప్పింది.  ఆ మాటలు పరాయి భాషలో, పరాయి మనిషికి చెప్పడమే ఆమెకు మొదటిసారి. సొంత భాషలోనూ ఎవరికీ చెప్పుకున్నది కాదు.

ఖాకీ చొక్కా మనిషి సీసాను బల్ల మీద పెట్టింది.  తర్వాత మెత్తగానే చెప్పింది. లోపలికి తీసుకుపోనిస్తే తన ఉద్యోగం పోతుంది. పోనిచ్చినా ఓడ మీంచి సముద్రంలోకి చుక్క వంచడానికి వీల్లేదు, అది ఇంకా పెద్ద నేరం. కావాలంటే ఇక్కడే ఒక పక్కన నిలబడి తాగేయొచ్చు. తన చేతిలో ఉన్నది అంతే.

రేఖ ఆ మాటలు తెలుగులో చెప్పింది. జములమ్మ సీసానూ, నున్నగా మెరిసే నేలనూ, అద్దాల అవతల నీళ్లనూ మార్చి మార్చి చూసింది.

"ఇక్కడ వంపితే నేలకు పోతది, ఆయనకు పోదు," అని తనలో తాను అనుకున్నట్టు అంది. తర్వాత సీసా అందుకుంది. "సరే. నా కడుపుల పోసుకొని పోత. కడుపుకు సీలు అడగరు గదా?"

గోడ పక్కన చతికిలబడి కూర్చుంది. మూత తీసి, కళ్లు మూసుకుని, పెదవులు కదిలించింది. "ఓ రేఖ నాయినా, నీకని తెచ్చిన. దారి బందయింది. నీ వంతు నేను మోస్క వస్తున్న." అని ఎత్తి తాగడం మొదలుపెట్టింది.

దినేష్ చెప్పినట్టే అది పులిసి పుండయింది. గొంతులో పడగానే ఆమె ఒళ్లు జలదరించింది. అయినా ఆపలేదు. కొంచెం తాగి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ తాగింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. పులుపుకో, మరి దేనికో. సగం దాటాక ఆయాసం వచ్చి సీసా ఒళ్లో పెట్టుకుంది.

రేఖ కొత్త పంజాబీ డ్రెస్సు నలుగుతుందని కూడా చూసుకోకుండా తల్లి పక్కన కూలబడింది. చేయి చాచింది.

"ఇటియ్యి."

"నీకు అలవాటు లేదు బిడ్డా. కడుపుల మంట పుడ్తది."

"నాకు నాయిన గాడా?"

జములమ్మ ఆమె మొహంలోకి చూసింది. సీసా ఇచ్చింది. రేఖ ముక్కు మూసుకుని, దగ్గుతూ, డ్రెస్సు మీద పోసుకుంటూ మిగిలిందంతా తాగింది. ఖాళీ సీసాను ఖాకీ ఆమె తానే వచ్చి అందుకుంది. చెత్తడబ్బాలో విసరకుండా బల్ల కింద పెట్టింది. వాళ్లిద్దరినీ చేయి పట్టి లేపి లోపలికి పంపింది.

కొంచెం దూరంలో సింధూజ తన సామాను పట్టుకుని నిలబడి ఇదంతా చూస్తోంది. ముక్కుకు ఇప్పుడు కొంగు అడ్డం లేదు.

*

ఓడ కదిలేసరికి పొద్దు పడమటికి వాలింది. జనమంతా పై అంతస్తులో పాటలు పెట్టిన చోట పోగయ్యారు. జములమ్మకు కొద్దిగా తల తిరుగుతోంది. ఓడ ఊగుతోందా తానే ఊగుతోందా తెలియక రేఖ భుజం పట్టుకుని, సందడి లేని పక్కకు నడిచింది. బొంబాయి మేడలు వెనక్కి పోతున్నాయి. ఎడమవైపు కొండల వరస నల్లగా, పొడుగ్గా సాగుతోంది. బల్లలు తుడుస్తున్న కుర్రాణ్ని రేఖ అడిగితే, ఇంకాసేపట్లో అలీబాగ్ దీపాలు కనపడతాయన్నాడు.

కనపడ్డాయి. ఒడ్డు పొడుగునా పల్చగా, ఎవరో గింజలు చల్లినట్టు. ఏ దీపం దగ్గర ఆ రేవు ఉందో, అసలు ఇప్పుడు ఉందో లేదో జములమ్మకు తెలియదు. ఓడ అంచున ఇనుప కటకటాలు పట్టుకుని నిలబడింది. ఏడుస్తుందేమోనని రేఖ భయపడింది. జములమ్మ ఏడవలేదు. పక్కింటివాణ్ని పిలిచినట్టు పిలిచింది.

"ఓయ్! వచ్చిన! నీ బిడ్డ గూడ వచ్చింది. సూడు, నీ ముక్కే వచ్చింది దానికి. నీకు తెచ్చిన కల్లు మేమే తాగినం, కోపం చేసుకోకు. ఏం జెయ్యాలె, రానియ్యలే. ఇంత నీళ్లల్ల ఉన్నవు, సలి పెడ్తదో ఏమో..."

అక్కడ మాట ఆగింది. గాలికి కొంగు ఎగురుతుంటే దాన్ని పట్టుకోలేదు. రేఖ పట్టుకుని తల్లి భుజాల చుట్టూ కప్పింది.

వెనకనుంచి అడుగుల చప్పుడైంది. సింధూజ. చేతిలో గాజు గ్లాసు, అందులో ఎర్రటి వైను. సీలు ఉన్న సీసాల్లో ఒకటి తెరిపించినట్టుంది. 

"జములమ్మా... ఇది మీ ఆయనకు పెట్టొచ్చునా? కల్లు గాదు, నాకు తెలుసు. నీళ్లల్ల పొయ్యనీయరు గూడ. ఊరికె... పెడ్తే ఏమన్న తప్పా?"

జములమ్మ గ్లాసును చూసింది, ఆమెను చూసింది. "తప్పేముందమ్మా. ఒకరింటికి పోతే ఏం పెడ్తే అదే తినేటోడు ఆయన." గ్లాసు అందుకుని, కటకటాల పక్కనున్న చిన్న బల్ల మీద సముద్రం వైపుకు జరిపి పెట్టింది. పెత్రమాస నాడు విస్తరి పెట్టి, పెద్దలు తినడానికి కాసేపు పక్కకు తొలగుతారు. అలాగే ముగ్గురూ వెనక్కి జరిగి కుర్చీల్లో కూర్చున్నారు.  దీపాలు ఒక్కొక్కటే వెనక్కి పోయాయి.

తర్వాత జములమ్మ లేచి గ్లాసు తెచ్చింది. ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"థూ, చింతపండు పిసికిన నీళ్ల లెక్క ఉంది. దీనికా మీరు సీలు వేసి దాచిపెట్టుకునేది?"

సింధూజ పెద్దగా నవ్వింది. గ్లాసు ముగ్గురి మధ్యా తిరిగింది. ఒకరి ఎంగిలి ఒకరు తాగడం సింధూజ ఇంట్లో చూసిన పద్ధతి కాదు. అయినా తాగింది.

"అమ్మా," అంది రేఖ చాలాసేపటికి, "నాయిన ఎట్ల ఉంటుండె?"

ఆ ప్రశ్న ఆమె ఎన్నడూ అడగలేదు. అడిగితే తల్లి ఏడుస్తుందని చిన్నప్పుడే ఎవరో చెప్పారు. జములమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది.

"ఎట్ల ఉంటుండె అంటే... సోమరిపోతు. కోపిష్టి. కూర్ల ఉప్పు తక్కువైతే గిన్నె ఇసిరికొట్టేటోడు. మల్ల తనే ఏరుకొచ్చి తోమేటోడు." ఆమె నవ్వింది. "మొదటిసారి సముద్రం జూసినం జూడు, చౌపాటీ కాడ. నేనేమో భయపడి ఎనకకు నిలవడ్డ. ఆయన లుంగీ ఎగ్గట్టి దిగిండు. దోసెడు నీళ్లు తీసుకొని నోట్ల పోసుకున్నడు. కక్కి, నడుం మీద చేతులు పెట్టుకొని సముద్రాన్ని తిట్టిండు. 'ఇన్ని నీళ్లు పెట్టుకున్నవు, మా ఊర్ల ఒక్క మడి పారనీకె పనికిరావు, ఎందుకే నువ్వు' అని. అందరు నవ్విండ్రు. ఆయనకు మస్తు కోపమొచ్చింది."

రేఖ పగలబడి నవ్వింది. తండ్రిని తలుచుకుని నవ్వడం ఆమెకు అదే మొదలు. ఆ తర్వాత పాత సంగతులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. గుడిసె మీద రేకు ఎగిరిపోయిన వాన, మేస్త్రీతో పందెం కాసి అరటిపండ్ల గెల తిన్న రోజు, పిల్ల పుట్టిందని కబురందితే పని మానుకుని బయల్దేరి, తప్పు రైలెక్కి గోవా‌లో తేలిన సంగతి. ఆ మాటలన్నీ జములమ్మ దగ్గరే ఇన్నాళ్లూ ఉన్నాయి. సింధూజ వెళ్లిపోదామని రెండుసార్లు లేచి, రెండుసార్లూ మళ్లీ కూర్చుంది.

మర్నాడు పొద్దున కంపెనీ వాళ్లు ఓడలోని పెద్ద హాలులో సన్మానం పెట్టారు. మంచి విత్తనం పండించిన రైతులను ఒక్కొక్కరినే పిలిచి శాలువా కప్పుతున్నారు. జములమ్మ పేరు పిలిచారు. రెండోసారి పిలిచారు. జగదీశ్ కంగారుగా నాలుగు వైపులా చూస్తుంటే, రేఖ లేచి వేదిక దగ్గరికి పోయింది.

"అమ్మ ఏదమ్మా?" అన్నాడు కంపెనీ పెద్దాయన మైకులో.

"పండుకుంది సార్. నిన్న మా నాయినతోని మాట్లాడుతుంటె పొద్దువోయింది."

ఆయన ఏదో అనుకుని తల ఊపి, శాలువా ఆమెకే కప్పాడు. జగదీశ్ ఏదో అనబోతే సింధూజ అతని చేయి నొక్కి ఆపింది.

రేఖ శాలువా మడిచి పట్టుకుని కింది గదికి వచ్చింది. గుండ్రటి కిటికీలోంచి ఎండ మంచం మీదికి పడుతోంది. జములమ్మ చల్లటి గాలికి మెడదాకా దుప్పటి కప్పుకుని, నోరు కొంచెం తెరుచుకుని, చిన్నగా గురక పెడుతోంది. రేఖ తలుపు చప్పుడు కాకుండా వేసి, చెప్పులు విడిచి, ఆమె పక్కన కాస్త చోటు చేసుకుని ఒరిగింది.